మోకాళ్ల నొప్పికి సూది వేయించుకుంటున్నారా? స్కాన్ చూస్తూ ఇచ్చే ఇంజెక్షన్‌తో ఎంత లాభం.. ఫిజియోథెరపీ ఎందుకు ఆపకూడదు?

పత్తి తీతలు పూర్తికాకముందే మిరప కోతలు మొదలవుతాయి. గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల నల్లరేగడి పొలాల్లో అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా కూలీలకు తీరిక ఉండదు. చాలా కుటుంబాలకు ఈ ఆరేడు నెలల సంపాదనే ఏడాదంతా ఆధారం. కర్నూలు వైపు నుంచి పిల్లాపాపలతో వలస వచ్చి కోతలు కోసేవాళ్లూ ఉన్నారు. ఇలాంటి టైంలో మోకాలు వాచినా, భుజం పట్టేసినా పని మానే పరిస్థితి ఉండదు. "ఒక సూది వేయించుకుంటే రేపు మళ్లీ కోతకు పోవచ్చు" అనుకునేవాళ్లే ఎక్కువ.

సూది వేస్తే నొప్పి తగ్గుతుంది, నిజమే. అసలు చిక్కు కూడా అక్కడే ఉంది. నొప్పి పోగానే కీలు బాగైపోయిందనుకుని మళ్లీ అదే బరువు, అదే వంగుడు. రెండు మూడు నెలలకు నొప్పి తిరిగొస్తుంది. మళ్లీ సూది. ఇలా ఏళ్ల తరబడి నడిచేవాళ్లు మన ఊళ్లలో తక్కువేం కాదు.

ఇప్పుడు పట్టణాల్లోని ఆసుపత్రుల్లో "అల్ట్రాసౌండ్ గైడెడ్ ఇంజెక్షన్" అనే మాట వినిపిస్తోంది. అంటే స్కాన్‌లో చూస్తూ సరిగ్గా నొప్పి ఉన్న చోటికే మందు పంపడం. మరి ఇది ఎవరికి పనికొస్తుంది? ఎవరికి అవసరం లేదు? దీని తర్వాత ఫిజియోథెరపీ మానేస్తే ఏమవుతుంది? ఒక్కొక్కటిగా చూద్దాం.

ఏ పనికి ఏ కీలు దెబ్బతింటుంది?

పత్తి తీసేటప్పుడు నడుముకు ఒడి కట్టుకుని, వంగి, రెండు చేతులతో గంటల కొద్దీ తీస్తారు. ఒడి నిండేకొద్దీ బరువంతా నడుం మీద, మోకాళ్ల మీద పడుతుంది. కిలోల లెక్కన కూలీ కాబట్టి చేతులు ఆగవు. దాంతో బొటనవేలి మొదట్లో, మణికట్టు దగ్గర నరాలు లాగుతున్నట్టు నొప్పి వస్తుంది. జనం నరం అంటారు గానీ అక్కడ నొప్పి పుట్టేది ఎక్కువగా స్నాయువులో. కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే తాడు లాంటి భాగమే స్నాయువు.

మిరప కోతలోనూ వంగుడే. కోత అయ్యాక కల్లాల్లో తాలు కాయలు ఏరడం, ముచ్చికలు తీయడం లాంటి పనులు గొంతుక్కూర్చునో, బాసింపట్టు వేసుకునో చేస్తారు. మోకాలు పూర్తిగా మడిచి అంతసేపు కూర్చుంటే, చిప్ప వెనక ఒత్తిడి బాగా పెరుగుతుంది. ఇక గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు మోసే హమాలీలకు భుజాలు, మెడ, నడుం మీద భారం. స్ప్రేయర్ ట్యాంకు వీపున మోసే రైతులకు కూడా భుజం నొప్పి మామూలే.

ఇవన్నీ వేర్వేరు జబ్బులు. అన్నింటికీ ఒకే సూది పనికిరాదు.

ముందు తేలాల్సింది.. నొప్పి ఎక్కడి నుంచి వస్తోంది?

మోకాళ్ల నొప్పి అనగానే "గుజ్జు అరిగిపోయింది" అనేస్తారు. అరుగుదల, అంటే ఆస్టియో ఆర్థరైటిస్, చాలామందిలో ఉండే మాట నిజమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 52.8 కోట్ల మందికి ఈ సమస్య ఉంది. వారిలో 60 శాతం మహిళలే. అన్ని కీళ్లలో ఎక్కువగా దెబ్బతినేది మోకాలే.

కానీ ప్రతి కీళ్ల నొప్పీ అరుగుదల కాదు. మన ప్రాంతంలో ముఖ్యంగా ఈ ఐదింటిని పక్కనపెట్టకూడదు.

1. ఫ్లోరోసిస్: ప్రకాశం జిల్లా పడమటి మండలాల్లో ఇది కొత్త మాట కాదు. మన దేశంలో ఎముకల ఫ్లోరోసిస్‌ను డాక్టర్లు మొదట వివరంగా గుర్తించింది అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో. 1937లో షార్ట్ అనే వైద్యుడి బృందం దీనిపై పరిశోధన పత్రం ప్రచురించింది. కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలు ఆ రోజుల్లో నెల్లూరు జిల్లాలోనే ఉండేవి. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు ఇటు వచ్చాయి. నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి. వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతిస్తారు. అంతకు మించిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే నడుం, మెడ బిగుసుకుపోతాయి, కీళ్లు నొప్పెడతాయి. పళ్ల మీద గోధుమరంగు చారలు కూడా ఉంటే అనుమానించాల్సిందే. దీనికి స్కాన్ కంటే వెన్ను, ముంజేయి ఎక్స్‌రేలు, నీటి పరీక్ష ముఖ్యం. తాగే నీళ్లు మార్చకుండా మోకాల్లో ఎన్ని సూదులు వేసినా మూలం పోదు.

2. రుమటాయిడ్ ఆర్థరైటిస్: పొద్దున లేవగానే చేతివేళ్లు బిగుసుకుపోయి, సడలడానికి గంట పట్టడం, రెండు చేతుల్లోనూ ఒకేలా వాపు ఉండటం దీని లక్షణాలు. దీనికి రక్తపరీక్షలు, రోజూ వాడే ప్రత్యేకమైన మందులు కావాలి. ఆలస్యమైతే వేళ్లు వంకర పోతాయి.

3. చికున్‌గున్యా: 2005-06లో ఆంధ్రప్రదేశ్‌ను వణికించిన ఈ జ్వరం చాలామందికి గుర్తుండే ఉంటుంది. జ్వరం తగ్గినా కీళ్ల నొప్పులు నెలల తరబడి వేధిస్తాయి.

4. గౌట్: రాత్రికి రాత్రే కాలి బొటనవేలో, మడమో, మోకాలో ఎర్రగా వాచి, దుప్పటి తగిలినా భరించలేనంత నొప్పి వస్తుంది. యూరిక్ యాసిడ్ స్ఫటికాలు కీలులో చేరడం దీనికి కారణం.

5. నడుం నుంచో, తుంటి నుంచో వచ్చే నొప్పి: తుంటి కీలు పాడైతే నొప్పి మోకాల్లో తెలియడం మామూలే. నడుంలో నరం నొక్కుకుపోయినా కాలు లాగుతుంది. అలాంటప్పుడు మోకాల్లో సూది వేస్తే ఏం లాభం?

అందుకే సూదికి ముందు డాక్టర్ కీలును చేత్తో పట్టి, వంచి, నడిపించి చూడాలి. చాలా సందర్భాల్లో ఈ పరీక్షతోనే సగం విషయం తేలిపోతుంది.

"అల్ట్రాసౌండ్" రెండు రకాలు.. తేడా తెలుసా?

ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. ఫిజియోథెరపీ సెంటర్లో జెల్ రాసి, చిన్న హ్యాండిల్‌తో మోకాలి మీద రుద్దే యంత్రాన్ని కూడా అల్ట్రాసౌండ్ అనే అంటారు. కానీ అది స్కాన్ కాదు. దాంట్లో బొమ్మ రాదు. ధ్వని తరంగాలతో లోపలి కండరాలకు కాస్త వేడి పుట్టించే చికిత్స అది.

స్కానింగ్ అల్ట్రాసౌండ్ వేరు. ఇది అంతకంటే ఎక్కువ ఫ్రీక్వెన్సీ ఉన్న తరంగాలను లోపలికి పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనితో తెర మీద బొమ్మ చూపిస్తుంది. గర్భిణులకు చేసే స్కాన్ లాంటిదే. ఎక్స్‌రేలా రేడియేషన్ ఉండదు.

మొదటిదానితో ఎంత మేలు జరుగుతుంది? మోకాలి అరుగుదలకు ఆ చికిత్స పనిచేస్తుందనేందుకు తగినంత ఆధారం లేదని, దాన్ని ఇవ్వొద్దని బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ 2022లో చెప్పింది. కాబట్టి "పది రోజులు అల్ట్రాసౌండ్ పెట్టించుకున్నా తగ్గలేదు, ఫిజియోథెరపీ దండగ" అనేవాళ్లు అసలు ఫిజియోథెరపీ చేయించుకోనట్టే. అసలైనది ఏంటో కింద చూద్దాం.

స్కాన్‌లో ఏం కనిపిస్తుంది? ఏం కనిపించదు?

కనిపించేవి: కీలులో చేరిన నీరు, స్నాయువుల్లో చిరుగులు, వాపు, మోకాలి వెనక వచ్చే నీటి బుడగ, భుజం మీది నీటి సంచిలో వాపు. చెయ్యి కదిలిస్తూ కూడా చూడొచ్చు కాబట్టి ఏ కదలికలో ఏది ఇరుక్కుంటోందో అప్పటికప్పుడే తెలుస్తుంది.

కనిపించనివి: ఎముక లోపలి భాగం, కీలు లోతుల్లోని గుజ్జు. ఎముకను దాటి ఈ తరంగాలు వెళ్లలేవు. అరుగుదల ఎంతుందో చూడాలంటే నిలబెట్టి తీసిన ఎక్స్‌రే మేలు. అది కూడా అందరికీ అక్కర్లేదు. 45 ఏళ్లు దాటి, పని చేసేటప్పుడే నొప్పి వస్తూ, పొద్దుటి బిగువు అరగంటలోపే తగ్గిపోతుంటే ఫొటోలు లేకుండానే అరుగుదల అని నిర్ధారించొచ్చని నైస్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. స్కాన్‌లో చిన్న చిరుగు కనిపించినంత మాత్రాన భయపడాల్సిన పని కూడా లేదు. వయసు పైబడినవాళ్లలో ఏ నొప్పీ లేకపోయినా అలాంటివి కనిపిస్తుంటాయి.

మరి స్కాన్ మెషీన్ ప్రతి క్లినిక్‌లో ఎందుకు ఉండదు? దీనికి మన దేశంలో ఒక ప్రత్యేక కారణం ఉంది. గర్భస్థ శిశువు లింగ నిర్ధారణను అడ్డుకోవడానికి 1994లో చట్టం తెచ్చారు. 2003 సవరణ తర్వాత దాన్ని పీసీపీఎన్‌డీటీ చట్టం అంటున్నారు. గర్భంలోని శిశువును చూడగలిగే ఏ స్కానింగ్ యంత్రాన్నైనా రిజిస్టర్ చేయించాలి. వాడేవాళ్లకు చట్టం చెప్పిన అర్హత ఉండాలి. మోకాళ్లకే వాడతామన్నా ఈ నిబంధన తప్పదు. అందుకే స్కాన్ గది బయట "ఇక్కడ లింగ నిర్ధారణ చేయబడదు" అనే బోర్డు ఉంటుంది. పోర్టబుల్ మెషీన్ తెచ్చి ఇంట్లోనే స్కాన్ చేసి సూది వేస్తామని ఎవరైనా అంటే జాగ్రత్తపడాలి.

స్కాన్ చూస్తూ సూది ఎలా వేస్తారు?

ముందు కీలు దగ్గర చర్మాన్ని యాంటీసెప్టిక్‌తో శుభ్రం చేస్తారు. స్కాన్ ప్రోబ్‌కు స్టెరైల్ కవరు, పైన స్టెరైల్ జెల్ వాడతారు. తెర మీద కీలు, రక్తనాళాలు, నరాలు కనిపిస్తుంటాయి. సూది లోపలికి వెళ్తుంటే తెల్లని గీతలా కనపడుతుంది. అది సరైన చోటికి చేరిందని చూసుకున్నాకే మందు వదులుతారు. కీలులో నీరు ఎక్కువుంటే ముందు దాన్ని తీసేస్తారు. అవసరమైతే ఆ నీటిని ల్యాబ్‌కు పంపుతారు. మొత్తం పని సాధారణంగా కొద్ది నిమిషాల్లో అయిపోతుంది, అదే రోజు ఇంటికి వెళ్లిపోవచ్చు.

గురి విషయంలో తేడా నిజమే. మోకాలి ఇంజెక్షన్లపై వచ్చిన అధ్యయనాలను కలిపి చూసి 2012లో ప్రచురించిన ఒక సమీక్ష ప్రకారం, స్కాన్ చూస్తూ వేస్తే సుమారు 96 శాతం, చేతి అంచనాతో వేస్తే సుమారు 78 శాతం సందర్భాల్లో సూది సరైన చోటికి చేరింది.

అయితే గురి కుదిరినంత మాత్రాన ఫలితం కూడా అంతే పెరుగుతుందా? అన్నిచోట్లా కాదు. ఇంగ్లండ్‌లో భుజం నొప్పి ఉన్న 256 మందిపై జరిగిన ఒక అధ్యయనంలో స్కాన్ చూస్తూ ఇచ్చిన ఇంజెక్షన్‌కు, మామూలుగా ఇచ్చిన ఇంజెక్షన్‌కు ఫలితంలో తేడా కనిపించలేదు. తేడా తెచ్చింది ఏంటంటే, ఫిజియోథెరపిస్టు దగ్గరుండి చేయించిన వ్యాయామం. కరపత్రం చూసి వ్యాయామం చేసినవాళ్ల కంటే వీళ్లకు బాగా తగ్గింది.

అమెరికాలోని రుమటాలజీ వైద్యుల సంఘం 2019 మార్గదర్శకాలు కూడా ఇదే దారిలో ఉన్నాయి. తుంటి కీలుకు సూది వేయాలంటే స్కాన్ సాయం గట్టిగా అవసరమని చెప్పాయి. ఎందుకంటే ఆ కీలు చాలా లోతుగా ఉంటుంది, పక్కనే పెద్ద రక్తనాళాలు, నరం ఉంటాయి. మోకాలికి, చేతి కీళ్లకు మాత్రం స్కాన్ తప్పనిసరి కాదు. అనుభవం ఉన్న డాక్టర్ చేత్తో గుర్తుపట్టి వేయగలరు. లావుగా ఉన్నవాళ్లలో, ఒకసారి వేసిన సూది పనిచేయనివాళ్లలో, సన్నని స్నాయువు పొరలోకి మందు పంపాల్సి వచ్చినప్పుడు స్కాన్ బాగా ఉపయోగపడుతుంది. మోకాలికి "గైడెడ్" అని ఎక్కువ బిల్లు వేస్తే, ఎందుకు అవసరమో అడగడంలో తప్పు లేదు.

సిరంజిలో ఉన్న మందు ఏంటి?

"సూది వేశారు" అంటారు గానీ ఏం వేశారో చాలామందికి తెలియదు. కీళ్లలోకి ఇచ్చేవి ప్రధానంగా మూడు రకాలు.

స్టెరాయిడ్: వాపును అణచి నొప్పి తగ్గిస్తుంది. అరుగుదలలో దీని ఉపశమనం 2 నుంచి 10 వారాలు ఉంటుందని నైస్ చెబుతోంది. వేరే చికిత్సలు పనిచేయనప్పుడో, వ్యాయామం చేయడానికి వీలుగా నొప్పి తగ్గించాల్సినప్పుడో వాడొచ్చు. అదే పనిగా వేస్తే మాత్రం నష్టం. అమెరికాలోని బోస్టన్‌లో 140 మంది మోకాలి రోగులపై జరిగిన అధ్యయనం 2017లో వచ్చింది. సగం మందికి రెండేళ్ల పాటు 3 నెలలకోసారి స్టెరాయిడ్, మిగతా సగం మందికి ఉప్పునీటి ఇంజెక్షన్ ఇచ్చారు. రెండేళ్లు గడిచాక నొప్పిలో తేడా లేదు. గుజ్జు మాత్రం స్టెరాయిడ్ తీసుకున్నవాళ్లలోనే ఎక్కువ కరిగింది. సగటున 0.21 మిల్లీమీటర్లు, ఉప్పునీటి వాళ్లలో 0.10 మిల్లీమీటర్లు.

జెల్ ఇంజెక్షన్: దీన్నే మన దగ్గర "గుజ్జు ఇంజెక్షన్" అంటారు. పేరు విని అరిగిన గుజ్జు మళ్లీ పెరుగుతుందనుకుంటారు. అది జరగదు. ఇది హైలురోనిక్ యాసిడ్ అనే జిగట పదార్థం. అరుగుదలకు దీన్ని ఇవ్వొద్దని నైస్ 2022లో చెప్పింది.

పీఆర్‌పీ: రోగి రక్తాన్నే తీసి, ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉండే భాగాన్ని వేరుచేసి కీలులోకి ఎక్కిస్తారు. ఆస్ట్రేలియాలో 288 మందిపై జరిపి 2021లో ప్రచురించిన అధ్యయనంలో, ఏడాది తర్వాత పీఆర్‌పీకి, ఉప్పునీటి ఇంజెక్షన్‌కు నొప్పిలో గానీ గుజ్జులో గానీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. వేల రూపాయలు పెట్టే ముందు ఈ విషయం తెలిసుండాలి.

సూదా? వ్యాయామమా? ఏది గెలిచింది?

ఈ ప్రశ్నకు సూటిగా జవాబిచ్చిన అధ్యయనం 2020లో అమెరికాలో వచ్చింది. మోకాలి అరుగుదల ఉన్న 156 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు స్టెరాయిడ్ ఇంజెక్షన్, ఇంకో జట్టుకు ఫిజియోథెరపీ. నొప్పి, బిగువు, పనుల్లో ఇబ్బంది కలిపి 240 పాయింట్ల స్కేలు మీద కొలిచారు. పాయింట్లు ఎంత తగ్గితే అంత మంచిది. మొదట్లో రెండు జట్లూ దాదాపు సమానమే, 107, 109 దగ్గర ఉన్నాయి. ఏడాది తర్వాత ఇంజెక్షన్ జట్టు 55.8 దగ్గర ఆగితే, ఫిజియోథెరపీ జట్టు 37కు దిగింది. ఇంజెక్షన్ వాళ్లకూ మేలు జరిగింది, కానీ వ్యాయామం చేసినవాళ్లకు ఇంకా ఎక్కువ జరిగింది.

మోచేతి బయటివైపు నొప్పిలో కథ మరీ విచిత్రం. ఆస్ట్రేలియాలో 165 మందిపై జరిగి 2013లో వచ్చిన అధ్యయనంలో స్టెరాయిడ్ తీసుకున్నవాళ్లకు మొదటి వారాల్లో హాయిగా ఉంది. ఏడాది తిరిగేసరికి మాత్రం ఉప్పునీటి ఇంజెక్షన్ తీసుకున్నవాళ్ల కంటే వీళ్లలోనే నొప్పి తిరగబెట్టడం చాలా ఎక్కువ. 54 శాతం మందికి మళ్లీ వచ్చింది. రెండో జట్టులో అది 12 శాతమే. రోజంతా చేతులతో లాగి, తెంపే పని చేసేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

అంటే సూది అసలే వద్దా? అలా కాదు. నొప్పితో కాలు కింద పెట్టలేని మనిషిని వ్యాయామం చేయమంటే ఎలా చేస్తారు? అలాంటివాళ్లకు సూది కొన్ని వారాల వెసులుబాటు ఇస్తుంది. ఆ వారాల్లో కండరాలను గట్టిపరుచుకుంటే లాభం. ఆ వారాల్లో రెట్టింపు పని చేస్తే నష్టం.

ఫిజియోథెరపీ అంటే కరెంటు పెట్టడమేనా?

కాదు. వేడి కాపడం, కరెంటు యంత్రాలు కాసేపు హాయినిస్తాయేమో. అసలు మందు వ్యాయామమే. తొడ కండరం బలంగా ఉంటే మోకాలి మీద పడే దెబ్బను అదే కాస్తుంది. బరువు కూడా లెక్కే. ఒంట్లో ఒక కిలో తగ్గితే, వేసే ప్రతి అడుగులో మోకాలి మీద సుమారు 4 కిలోల భారం తగ్గుతుందని 2005 నాటి ఒక అధ్యయనం తేల్చింది.

ఇంట్లో మంచం మీదే చేసుకోగలిగినవి మూడు:

1. కాలు చాపి కూర్చుని, మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టాలి. మోకాలితో దాన్ని కిందికి అదిమి 5 సెకన్లు ఉంచి వదలాలి. 10 సార్లు.

2. వెల్లకిలా పడుకుని ఒక కాలు మడిచి, రెండో కాలు నిటారుగా జానెడు ఎత్తి 5 సెకన్లు ఆపాలి. ఒక్కో కాలికి 10 సార్లు.

3. కాస్త ఎత్తున్న కుర్చీ మీద కూర్చుని, చేతుల ఊతం లేకుండా మెల్లగా లేచి, మెల్లగా కూర్చోవాలి. 5 సార్లతో మొదలుపెట్టి పెంచుకోవాలి.

మొదట్లో కొద్దిగా నొప్పి ఉండటం సహజం. మర్నాటికి కూడా నొప్పి, వాపు పెరిగితే సంఖ్య తగ్గించాలి. ఫలితం కనపడటానికి 6 నుంచి 12 వారాలు పడుతుంది. నాలుగు రోజులు చేసి "తగ్గలేదు" అని మానేయడమే పెద్ద పొరపాటు. మొదటిసారి ఫిజియోథెరపిస్టు దగ్గర సరిగ్గా నేర్చుకుని, తర్వాత ఇంట్లో కొనసాగిస్తే రోజూ ఆసుపత్రి చుట్టూ తిరిగే ఖర్చు కూడా ఉండదు.

పనిలో చిన్న మార్పులు కూడా మందులాంటివే. తాలు ఏరేటప్పుడు నేల మీద కాకుండా ఎత్తు పీట మీద కూర్చోవాలి. అరగంటకోసారి లేచి పది అడుగులు వేయాలి. పత్తి ఒడి పూర్తిగా నిండే వరకు ఆగకుండా సగానికే ఖాళీ చేసుకోవాలి. టిక్కీ ఎత్తేటప్పుడు ఇద్దరు పట్టుకోవాలి. మరుగుదొడ్డిలో కుర్చీ కమోడ్ ఉంటే మోకాలికి సగం బాధ తప్పుతుంది.

ఇంకో హెచ్చరిక. ఎండలో నీళ్లు చాలక ఒళ్లు ఎండిపోయినప్పుడు డైక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్లలు రోజూ వేసుకుంటే కిడ్నీలు దెబ్బతినే ముప్పు ఉంది. మిరప కోతలు ఎండాకాలంలోకి సాగుతాయి కాబట్టి మన దగ్గర ఇది చిన్న విషయం కాదు.

సూది వేయించుకుంటే పాటించాల్సిన జాగ్రత్తలు

షుగర్ ఉంటే ముందే చెప్పాలి. స్టెరాయిడ్ తర్వాత కొన్ని రోజులు షుగర్ పెరుగుతుంది. పరీక్ష చేసుకుంటూ ఉండాలి.

రక్తం పలుచబడే మందులు వాడుతుంటే, ఒంట్లో జ్వరం, చర్మం మీద పుండు ఉంటే దాచకూడదు.

మోకాలి మార్పిడి ఆపరేషన్ ఆలోచన ఉంటే ఆ విషయం కూడా చెప్పాలి. స్టెరాయిడ్ వేసిన 3 నెలల లోపు ఆపరేషన్ చేస్తే ఇన్‌ఫెక్షన్ ముప్పు పెరుగుతుంది.

సూది వేసిన ఒకటి రెండు రోజులు బరువు పనులు వద్దు. కాస్త నొప్పి పెరిగి తగ్గడం మామూలే.

ఈ లక్షణాలుంటే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి: కీలు ఎర్రగా, వేడిగా వాచిపోవడం, జ్వరం, కాలు కదపలేనంత నొప్పి. కీలులో చీము పట్టి ఉండొచ్చు. ఇది అరుదే అయినా ఆలస్యమైతే కీలు పాడవుతుంది, ప్రాణం మీదకు కూడా రావొచ్చు.

ఎవరి దగ్గరికి వెళ్లాలి?

ఊళ్లో అందుబాటులో ఉండేది ఆర్‌ఎంపీనే. అర్ధరాత్రి పిలిచినా పలికేది ఆయనే. కానీ కీలు లోపలికి సూది వేసే అర్హత ఆర్‌ఎంపీకి లేదు. బయట వేసే "నొప్పి సూది"లో కూడా స్టెరాయిడ్ ఉంటే, అది పదే పదే పడితే ముఖం ఉబ్బడం, షుగర్, బీపీ పెరగడం, ఎముకలు గుల్లబారడం, తుంటి ఎముకకు రక్తం అందక చచ్చుబడిపోవడం దాకా వెళ్తుంది.

మన దేశంలో ఫిజియోథెరపిస్టులు కూడా ఇంజెక్షన్ వేయకూడదు. బ్రిటన్‌లో ప్రత్యేక శిక్షణ తీసుకున్న ఫిజియోథెరపిస్టులే స్కాన్ చేసి, సూది వేసి, వ్యాయామం కూడా నేర్పే పద్ధతి ఉంది. ఇక్కడ మాత్రం స్కాన్ ఒకరు, సూది ఒకరు, వ్యాయామం ఇంకొకరు. ఈ ముగ్గురి మధ్య రోగి తప్పిపోతున్నాడు. సూది వేసిన చోట "ఫిజియోథెరపీకి వెళ్లండి" అని చీటీ రాస్తారు. నొప్పి తగ్గింది కదా అని ఆ చీటీ జేబులోనే ఉండిపోతుంది.

గుంటూరు జీజీహెచ్, ఒంగోలు జీజీహెచ్, మంగళగిరి ఎయిమ్స్ లాంటి పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఎముకల డాక్టర్లు, స్కానింగ్, ఫిజియోథెరపీ ఒకే ఆవరణలో దొరుకుతాయి. రోజు కూలీ పోగొట్టుకుని అంత దూరం వెళ్లలేనివాళ్లు ముందు తమ ఊరి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఈ-సంజీవని ద్వారా డాక్టర్‌తో వీడియోలో మాట్లాడొచ్చు. ఈ సేవను హెల్త్ సెంటర్లలో దేశంలోనే మొదట 2019 నవంబరులో ప్రారంభించింది ఆంధ్రప్రదేశే. ఆపరేషన్ దాకా వస్తే ఎన్టీఆర్ వైద్య సేవలో ఏవి ఉచితమో 104కు ఫోన్ చేసి కనుక్కోవచ్చు.

సూదికి ముందు డాక్టర్‌ను ఈ 5 ప్రశ్నలు అడగండి

1. నా నొప్పికి కారణం ఏంటి? అరుగుదలా, స్నాయువా, ఇంకేదైనానా?

2. సిరంజిలో ఉన్న మందు పేరేంటి? చీటీ మీద రాసిస్తారా?

3. ఈ కీలులో ఇప్పటికి ఎన్నిసార్లు వేశారు? మళ్లీ ఎన్నాళ్లకు వేయొచ్చు?

4. నాకు స్కాన్ చూస్తూ వేయాల్సిన అవసరం ఉందా? ఎందుకు?

5. రేపటి నుంచి నేను చేయాల్సిన వ్యాయామం ఏంటి? ఎవరు నేర్పుతారు?

వేసిన ప్రతి సూది తేదీ, మందు పేరు, ఏ కీలు అన్నది ఒక చిన్న పుస్తకంలో రాసిపెట్టుకోండి. వలస వచ్చి ఊరూరా తిరిగే కూలీలకు ఇది మరీ ముఖ్యం. కొత్త డాక్టర్‌కు పాత సూదుల లెక్క తెలిసేది ఆ పుస్తకంతోనే. ఇక ఐదో ప్రశ్నకు జవాబు దొరక్కపోతే, ఆ సూదికి పెట్టిన డబ్బు కొన్ని వారాల ఉపశమనానికి మాత్రమే పనికొస్తుంది. వచ్చే సీజన్‌కు మోకాలు మళ్లీ మొదటికే వస్తుంది.

(గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. చికిత్స విషయంలో తప్పనిసరిగా వైద్యులను సంప్రదించి నిర్ణయం తీసుకోండి.)